రొద లెక్క తేలాకే

గురుత్వ తరంగాలు దొరికాయన్న వార్త వచ్చినప్పుడల్లా అందరూ కృష్ణబిలాల గురించే మాట్లాడుకుంటారు. నా మనసు మాత్రం ఆ సంకేతాన్ని రొదలోంచి ఏరిన పనితనం మీదికి పోతుంది.

మొదటి సంకేతం దొరికిన 2015 సెప్టెంబరు 14 నాటి డేటాను, అమెరికాలో రెండు చోట్ల డిటెక్టర్లున్న లైగో అందరికీ అందుబాటులో ఉంచింది. డౌన్‌లోడ్ చేసి గ్రాఫ్ గీస్తే మొదట కనిపించేవి నెమ్మదిగా ఊగే పెద్ద పెద్ద అలలే. వాటిని తీసేస్తే 60 హెర్ట్జ్ దగ్గర అమెరికా కరెంటు మోత. 500 హెర్ట్జ్ ప్రాంతంలో అద్దాలను వేలాడదీసిన సిలికా తీగల కంపనం. అన్నీ వడకట్టి 35 నుంచి 350 హెర్ట్జ్ మధ్య మిగిలింది చూడండి. ఒక అల అంతకంతకూ ఎత్తు పెరుగుతూ, మెలికలు దగ్గరపడుతూ వచ్చి తటాలున ఆగిపోతుంది. మొత్తం 0.2 సెకన్లు. లివింగ్‌స్టన్ డిటెక్టర్‌లో కనిపించిన 7 మిల్లీసెకన్లకు హాన్‌ఫోర్డ్ డిటెక్టర్‌లోనూ అదే.

కంటికి కనిపించినంత మాత్రాన నమ్మడానికి లేదు. 'బ్లిప్' అనే పొట్టి గ్లిచ్‌లు, అంటే తరంగం కాని ఉత్తుత్తి కుదుపులు, డిటెక్టర్లలో తరచూ వస్తుంటాయి. చాలావాటికి కారణమే తెలియదు. బాగా బరువైన కృష్ణబిలాల సంకేతమూ అంతే పొట్టిగా ఉంటుంది. 2019 మే 21న దొరికినదాంట్లో అల నాలుగు సార్లు ఊగిందంతే.

మరి నిజాన్ని తేల్చేదెలా? అందుకు వాడే ఉపాయం నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. ఒక డిటెక్టర్ డేటాను కావాలనే కాస్త ముందుకో వెనక్కో జరిపి రెండోదాని పక్కన పెడతారు. రెండు చోట్ల మధ్య 3,000 కిలోమీటర్లు. కాంతి వేగంతో వచ్చే తరంగానికి అది 10 మిల్లీసెకన్ల దూరం. అంతకు మించి జరిపాక జత కుదిరిందంటే అది కేవలం కాకతాళీయం. అలా జరుపుతూ పోతే 16 రోజుల డేటాతోనే లక్షల ఏళ్ల రొద ఎలా ఉంటుందో లెక్క తేలుతుంది. అంత రొదలోనూ ఆ మొదటి సంకేతానికి సాటి వచ్చే జత ఒక్కటీ కుదరలేదు. ఈ ఓపిక చూస్తే నాకు గౌరవం కలుగుతుంది.

2017 ఆగస్టు 17న యంత్రానికి మనిషి కన్ను తోడైంది. రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొనడానికి 1.1 సెకన్ల ముందు లివింగ్‌స్టన్‌లో పెద్ద గ్లిచ్ పడింది. సంకేతాలను వెతికే ప్రోగ్రామ్ హాన్‌ఫోర్డ్ సంకేతాన్ని మాత్రమే పట్టింది. శాస్త్రవేత్తలు లివింగ్‌స్టన్ గ్రాఫ్ తెరిచి చూస్తే, గ్లిచ్‌కు అటూ ఇటూ అదే గీత చెక్కుచెదరకుండా ఉంది.

ఇంతవరకూ చెప్పినవి ఢీకొన్న జంటల సంకేతాలు. తనలోకి తానే కూలే నక్షత్రం పంపే సంకేతం ఇంకా దొరకలేదు. దాని ఆకారం ఇదీ అని ముందే గీసి పెట్టుకోలేం. అందుకే ఏ నమూనా లేకుండా, రెండు చోట్లా ఒకే కదలిక ఉందా అని మాత్రమే వెతికే ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. 2015లో మొదటి సంకేతాన్ని మూడు నిమిషాల్లోపే పసిగట్టింది అలాంటి ప్రోగ్రామే. మన పాలపుంతలో నక్షత్రం అలా కూలడం శతాబ్దానికి ఒకటి రెండు సార్లేనని అంచనా. ఆ రోజు డిటెక్టర్లేవీ మరమ్మతులో ఉండకూడదని నా కోరిక.