కొన్న యంత్రంపై అధికారం ఎవరిది?: యాపిల్ విధానాలపై వాదప్రతివాదాల పరిశీలన

వ్యాససంగ్రహం:
యాపిల్ సంస్థ తన కంప్యూటర్లను, ఫోన్లను బయటివారికి మూసి ఉంచుతుందన్న విమర్శ పాతది. ఆ మూతే నాణ్యతకు, భద్రతకు మూలమన్న సమాధానమూ అంతే పాతది. యంత్రం తెరిచి ఉందా, మూసి ఉందా అన్న చోటనే ఈ రెండు వాదాలూ ఆగిపోతున్నాయి. అసలు వివాదం అమ్మకం పూర్తయిన తరువాత తయారీదారు చేతిలో మిగిలిపోయే అధికారానికి సంబంధించినదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. న్యాయస్థానాల తీర్పులు, సంస్థ స్వయంగా వెలువరించిన ప్రకటనలు, 2018లో తెలుగు లిపి చుట్టూ తలెత్తిన ఒక సాంకేతిక సమస్య ఇందుకు ఆధారాలు.

కీలకపదాలు: యాపిల్, సాఫ్ట్‌వేర్ లైసెన్సు, యాజమాన్యం, మరమ్మతు హక్కు, విడిభాగాల జత, తెలుగు లిపి.

ఉపోద్ఘాతం

1984 జనవరి 22న అమెరికాలో సూపర్ బౌల్ పోటీ ప్రసారం మధ్య ఒక నిమిషం నిడివి గల ప్రకటన వచ్చింది. ఒకే తీరు దుస్తుల్లో మనుషులు వరుసలుగా కూర్చుని తెరమీది నాయకుడి ప్రసంగం వింటుంటారు. ఒక యువతి పరుగున వచ్చి సుత్తి విసిరి ఆ తెరను బద్దలు కొడుతుంది. రిడ్లీ స్కాట్ దర్శకత్వంలో తయారైన ఆ ప్రకటన మకింటాష్ కోసం తీసినది. రెండు రోజుల తరువాత వెలువడిన ఆ యంత్రంలో 128 కిలోబైట్ల మెమరీ ఉంది. అది చాలకపోతే పెంచుకునే వీలును సంస్థ కొనుగోలుదారుకు ఇవ్వలేదు. అదనపు కార్డులు అమర్చుకునే స్లాట్లు లేవు. పెట్టె విప్పడానికి ఇళ్లలో ఉండే స్క్రూడ్రైవరు పనికిరాదు. పొడవాటి కాడ గల టార్క్స్ స్క్రూడ్రైవరు కావాలి. పెట్టె లోపలి గోడమీద రూపకర్తల సంతకాలు అచ్చుపోసి ఉన్నాయి. మామూలు కొనుగోలుదారు కంట అవి పడే అవకాశం లేదు. తెర బద్దలు కొట్టిన చేతులే పెట్టెకు తాళం వేశాయన్న వ్యంగ్యం విమర్శకులకు అప్పటినుండీ అందివచ్చిన ఆయుధం.

అంతకు ఏడేళ్ల ముందు, 1977లో, అదే సంస్థ తెచ్చిన యాపిల్ 2 స్వభావం వేరు. దాని మూత ఏ పనిముట్టూ లేకుండా చేత్తో తీయవచ్చు. లోపల 8 స్లాట్లు ఉండేవి. ప్రింటరుకు ఒకటి, మోడెమ్‌కు ఒకటి చాలునని స్టీవ్ జాబ్స్ వాదించగా స్టీవ్ వోజ్నియాక్ పట్టుబట్టి ఎనిమిదింటినీ నిలబెట్టాడు. యంత్రంతో వచ్చిన గ్రంథంలో సర్క్యూట్ పటాలు కూడా ముద్రించారు. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ రూపొందించిన విసికాల్క్ లెక్కల పట్టిక ఈ యంత్రాన్ని వ్యాపార కార్యాలయాలకు చేర్చింది. వారిద్దరూ యాపిల్ ఉద్యోగులు కారు. వారికి ఆ సంస్థ అనుమతి అవసరమూ పడలేదు.

న్యాయశాస్త్ర ఆచార్యుడు జొనాథన్ జిట్రెయిన్ 2008లో ప్రచురించిన గ్రంథం ఈ పోలికతోనే మొదలవుతుంది. ఆయన యాపిల్ 2ను ఐఫోన్ పక్కన పెట్టాడు. ఒకటి ఇతరుల సృజనకు చోటిచ్చే యంత్రం, రెండోది ఇవ్వనిది అన్న ఆయన విభజన విస్తృతంగా ప్రచారమైంది. అదే గ్రంథంలో ఆయన మరో భావననూ ప్రతిపాదించాడు. అమ్ముడుపోయిన తరువాత కూడా కనిపించని తాడుతో తయారీదారుకు కట్టుబడి ఉండే ఉపకరణం అన్నది ఆ భావన. తరువాతి చర్చ మొదటిదాన్ని పట్టుకుని రెండోదాన్ని చాలావరకు వదిలేసింది. తెరిచి ఉండటం, మూసి ఉండటం యంత్రపు లక్షణాలు. తాడు యంత్రపు లక్షణం కాదు, ఒక సంబంధం. ఆ సంబంధం ఎలా నిర్మితమైందో చూడాలంటే పెట్టె కన్నా ముందు న్యాయస్థానం వైపు చూడవలసి ఉంటుంది.

మూత నుండి లైసెన్సుకు

1982లో ఫ్రాంక్లిన్ అనే సంస్థ యాపిల్ 2కు అనుకూలమైన కంప్యూటర్లు తయారుచేస్తూ, యాపిల్ ఆపరేటింగ్ సిస్టమ్ ప్రోగ్రాములను యథాతథంగా వాడుకుంది. చిప్పులో నిక్షిప్తమైన ప్రోగ్రాము యంత్రంలో భాగమే తప్ప రచన కాదన్నది దాని వాదం. కింది న్యాయస్థానం యాపిల్ కోరిన నిషేధాన్ని నిరాకరించింది. 1983లో అప్పీలు న్యాయస్థానం ఆ నిర్ణయాన్ని తోసిపుచ్చి, ఆపరేటింగ్ సిస్టమ్ ఏ రూపంలో ఉన్నా, చిప్పులో ఉన్నా సరే, కాపీహక్కుకు అర్హమేనని తేల్చింది. కాపీదారును అడ్డుకోవడానికి ఆ తీర్పు న్యాయమైనదే. అయితే దాని ఫలితం కాపీదారు దగ్గర ఆగలేదు. ఒకే పెట్టెలో రెండు రకాల ఆస్తి ఏర్పడింది: లోహం, ప్లాస్టిక్ కొన్నవాడివి, వాటిని నడిపే వాక్యాలు తయారీదారువి. మొదటిది అమ్మకం, రెండోది లైసెన్సు. రెండోది లేనిదే మొదటిది బల్లమీది బరువు.

ఈ ద్వంద్వం పూర్తిగా బయటపడినది సైస్టార్ వ్యాజ్యంలో. ఫ్లోరిడాకు చెందిన ఆ చిన్న సంస్థ 2008లో మామూలు విడిభాగాలతో కంప్యూటర్లు చేసి వాటిలో మ్యాక్ ఓఎస్ టెన్‌ను నింపి అమ్మింది. సాఫ్ట్‌వేర్ ప్రతులను డబ్బిచ్చే కొన్నానని అది వాదించింది. లైసెన్సు మాత్రం యాపిల్ ముద్ర ఉన్న యంత్రాలపైనే వాడాలంటుంది. 2009లో జిల్లా న్యాయస్థానం, 2011లో అప్పీలు న్యాయస్థానం యాపిల్ పక్షానే నిలిచాయి. పోటీదారులు తమ సాఫ్ట్‌వేర్‌ను తాము రాసుకోవడాన్ని ఈ లైసెన్సు అడ్డుకోవడం లేదన్నది అప్పీలు తీర్పులోని తర్కం. పోటీదారుల వైపు నుండి చూస్తే ఆ తర్కానికి లోపం లేదు. వినియోగదారుడు మాత్రం అందులో ఎక్కడా పక్షంగా లేడు. డబ్బిచ్చి కొన్న ప్రతిని తన సొంత యంత్రంలో వాడుకోదలచిన వ్యక్తి సంగతి ఆ వ్యాజ్యం ముందుకే రాలేదు. (1995లో ఇతర తయారీదారులకు తన ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఇవ్వడం మొదలుపెట్టినది యాపిలే. 1997లో జాబ్స్ తిరిగి వచ్చాక ఆ విధానాన్ని ఆపివేశాడు. కాబట్టి మూత ఆ సంస్థకు పుట్టుకతో వచ్చిన స్వభావమన్న మాట చరిత్రకు నిలవదు.)

2016 ఫిబ్రవరి

యాపిల్‌ను సమర్థించేవారికి, విమర్శించేవారికి చెరొక ఉదాహరణ ఒకే వారంలో దొరికిన సందర్భం ఇది.

శాన్ బెర్నార్డినో కాల్పుల నిందితుడి ఐఫోన్‌ను తెరవడానికి వీలుగా ప్రత్యేక సాఫ్ట్‌వేర్ రాసి ఇవ్వాలని అమెరికా న్యాయస్థానం 2016 ఫిబ్రవరి 16న యాపిల్‌ను ఆదేశించింది. సంస్థ అధిపతి టిమ్ కుక్ బహిరంగ లేఖ ద్వారా దానిని ఎదిరించాడు. ఒక ఫోను కోసం చేసిన తాళంచెవి అన్ని ఫోన్లకూ పనికొస్తుందన్నది లేఖలోని ముఖ్యమైన మాట. పౌరుల గోప్యతకు ఒక వాణిజ్య సంస్థ అంత దృఢంగా నిలబడటం అరుదు. దానిని ప్రచారంగా కొట్టిపారేయడం అన్యాయం.

రెండు రోజుల తరువాత, ఫిబ్రవరి 18న, అదే సంస్థ మరో విషయంలో క్షమాపణ చెప్పింది. వేలిముద్ర గుర్తించే బటన్‌ను బయటి దుకాణంలో మార్పించుకున్నవారి ఐఫోన్ 6 పరికరాలు, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించగానే ‘లోపం 53’ అన్న సంఖ్య చూపి చచ్చిపోయాయి. ఆ బటన్ ఫోనులోని భద్రతా చిప్పుతో జతకట్టి ఉంటుంది. కొత్త బటన్‌ను చిప్పు గుర్తించదు. అపరిచిత బటన్‌ను నమ్మకపోవడంలో అర్థముంది. వేలిముద్ర సౌకర్యాన్ని మాత్రమే నిలిపివేసి ఊరుకుంటే ఎవరూ తప్పుపట్టేవారు కారు. మొత్తం ఫోన్ ఎందుకు పనిచేయకుండా పోయింది? అది కర్మాగారంలో వాడేందుకు ఉద్దేశించిన పరీక్ష అనీ, వినియోగదారులను తాకవలసినది కాదనీ సంస్థ వివరణ ఇచ్చింది. 2018 జూన్‌లో ఆస్ట్రేలియా ఫెడరల్ న్యాయస్థానం ఇదే వ్యవహారంలో 90 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా విధించింది. బయటివారి చేత బాగుచేయించుకున్నంత మాత్రాన వినియోగదారుడికి చట్టం ఇచ్చిన హామీ పోదన్నది అక్కడ తేలిన విషయం.

ఈ రెండు సంఘటనలను సాధారణంగా విడివిడిగా చర్చిస్తారు. మొదటిది గోప్యతా గ్రంథాల్లోకి, రెండోది మరమ్మతు హక్కు వ్యాసాల్లోకి పోయింది. కలిపి చదివితే రెండింటి మూలమూ ఒకటే. ఐఫోన్ తన తయారీదారు సంతకం చేసిన సాఫ్ట్‌వేర్‌ను మాత్రమే అంగీకరిస్తుంది. దుకాణదారు మార్చిన బటన్‌కు ప్రాణం పోయలేకపోవడానికి కారణం అదే. ప్రభుత్వం నేరుగా యాపిల్ తలుపు తట్టడానికీ కారణం అదే. ఆ సంతకం చేయగల చెయ్యి మరొకటి లేదు. వినియోగదారుడిని కాపాడిన అధికారం, అతని ఫోన్‌ను చంపిన అధికారం రెండు వేర్వేరు విధానాలు కావు. భద్రత కావాలంటే మరమ్మతు హక్కు వదులుకోవాలన్న సమర్థకుల వాదం ఇక్కడ బలహీనపడుతుంది. భద్రత సంతకం నుండి వస్తోంది. సంతకం ఒక్కరి చేతిలోనే ఉండాలన్న షరతు భద్రతా శాస్త్రం పెట్టినది కాదు.

2017 డిసెంబరులో పాత బ్యాటరీలున్న ఫోన్ల వేగాన్ని సాఫ్ట్‌వేర్ ద్వారా తగ్గించినట్లు యాపిల్ అంగీకరించడం ఇదే కోవలోనిది. హఠాత్తుగా ఆగిపోకుండా చేయడానికే అలా చేశామన్న వివరణ సాంకేతికంగా సరైనదే. ఆక్షేపణ చేసిన పనిమీద కాదు, చెప్పకుండా చేయడంమీద. వాడుకరి తన ఫోను ముసలిదైందనుకున్నాడు. ముసలిదైనది బ్యాటరీ మాత్రమే. వారంటీ వెలుపలి బ్యాటరీ మార్పు ధరను సంస్థ 79 డాలర్ల నుండి 29కి దించడంతో ఆ సంగతి అందరికీ అర్థమైంది.

ఒకే ద్వారం

2010 ఏప్రిల్‌లో జాబ్స్ పేరుతో ఫ్లాష్ సాంకేతికతపై వెలువడిన లేఖ విమర్శకులు మరింత శ్రద్ధగా చదవవలసిన పాఠం. ఐఫోన్‌పై ఫ్లాష్‌ను ఎందుకు అనుమతించరో చెప్పే ఆరు కారణాల్లో చివరిదే అతి ముఖ్యమైనదని లేఖే అంటుంది: వేదికకూ ప్రోగ్రాము రాసేవారికీ నడుమ మూడో పక్షపు పొర చేరితే, వేదికలో వచ్చే మెరుగులు ఆ మూడో పక్షం ఇష్టపడినప్పుడే అందరికీ అందుతాయి. పరాధీనతపై ఇంత సూటి విమర్శ ఆ సంస్థ వెలుపల కూడా తక్కువే కనిపిస్తుంది. అయితే వాక్యంలోని పాత్రలను మార్చి చదివితే అది యాప్ స్టోర్‌పై అభియోగపత్రమవుతుంది. యంత్రానికీ దాని యజమానికీ నడుమ ఒక పొర ఉంది; ఏ ప్రోగ్రాము ఎప్పుడు అందాలో అది నిర్ణయిస్తుంది; అమ్మకాల్లో 30 శాతం దాకా తీసుకుంటుంది. తన విషయంలో భరించరానిదని సంస్థ చెప్పిన పరాధీనతనే వాడుకరి విషయంలో సౌకర్యమని పిలుస్తోంది.

ద్వారం ఒక్కటే అయినప్పుడు కాపలాదారు మంచివాడా అన్నది రెండో ప్రశ్న. 2017లో చైనా ప్రభుత్వ నిబంధనల మేరకు అక్కడి యాప్ స్టోర్ నుండి వీపీఎన్ ప్రోగ్రాములను యాపిల్ తొలగించింది. స్థానిక చట్టాన్ని పాటించక తప్పదన్న సమాధానం నిజమే కావచ్చు. ఆ చట్టం అంత సులభంగా అమలు కావడానికి కారణం మాత్రం ద్వారం ఒక్కటే ఉండటం. ఎపిక్ సంస్థ 2020లో వేసిన దావా నుండి ఐరోపా సమాఖ్య 2024లో అమలుచేసిన డిజిటల్ మార్కెట్ల చట్టం దాకా వాదన ప్రధానంగా కమీషన్ చుట్టూ, పోటీ చుట్టూ తిరిగింది. అవి వ్యాపారుల మధ్య తగవులు. వాటిలో వాడుకరికి దక్కినది వారి తగవు తీరాక మిగిలినదే.

ఒక తెలుగు అక్షరం

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను కూలుస్తోందన్న వార్త ప్రపంచమంతా పాకింది. ‘జ్ఞా’ అన్న సంయుక్తాక్షరం మధ్యలో కంటికి కనిపించని ఒక యూనికోడ్ సంకేతం చేరినప్పుడు, దానిని తెరమీద చూపబోయిన ప్రోగ్రాము మూతపడేది. ‘జ్ఞానం’ అని మామూలుగా రాసేవారికి ఇబ్బంది లేదు. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోని కొన్ని కూర్పులతోనూ ఇదే జరిగేది. అయినా పత్రికల్లో అది తెలుగు అక్షరపు దోషంగానే మిగిలింది. తప్పు లిపిది కాదు; అక్షరాలను కూర్చే యాపిల్ వ్యవస్థది.

ఈ వ్యాసానికి ముఖ్యమైన అంశం మరొకటి. కూలినవి యాపిల్ సొంత ప్రోగ్రాములే కావు. ఇతర సంస్థలు రాసిన వాట్సాప్, ట్విట్టర్, జీమెయిల్ కూడా కూలాయి. ఆ వేదికపై అక్షరాలు చూపడానికి అవన్నీ ఒకే వ్యవస్థను ఆశ్రయించాయి. బ్రౌజరు మార్చి తప్పించుకుందామన్నా, అప్పటి నిబంధనల ప్రకారం ఐఫోన్‌లోని బ్రౌజర్లన్నీ యాపిల్ ఇంజినుపైనే నడవాలి. ఫిబ్రవరి 19న వచ్చిన 11.2.6 సవరణతో సమస్య తీరింది. సంస్థ త్వరగానే స్పందించిందని ఒప్పుకోవాలి. దోషమెక్కడుందో బయటి నిపుణులు అప్పటికే విశ్లేషించి చూపారు. ఆ జ్ఞానంతో తన సొంత ఫోన్‌ను బాగుచేసుకునే వీలు మాత్రం ఏ తెలుగు వాడుకరికీ లేదు. ఇంగ్లీషు వాడుకరికీ లేదు. అయితే ఇంగ్లీషు అక్షరాల కూర్పులో ఇలాంటి దోషం విడుదలకు ముందే బయటపడే అవకాశం ఎక్కువ. రాసేవారు, పరీక్షించేవారు రోజూ వాడే లిపి అది. ఒకే ద్వారం అన్ని భాషలకూ ఒకేలా తెరుచుకోదు.

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 2024లో చేసిన చట్టం విడిభాగాలను సాఫ్ట్‌వేర్‌తో జతకట్టి మరమ్మతును అడ్డుకోవడాన్ని నిషేధించింది. యాపిల్ దానిని వ్యతిరేకించింది. తరువాత కొద్ది వారాలకే, కొన్ని నమూనాల్లో వాడిన అసలు భాగాలను తిరిగి అమర్చుకోనిస్తామని ప్రకటించింది. సాధ్యం కాదన్నది చట్టం వచ్చాక సాధ్యమైంది. భారతదేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కుపై ఒక సంఘాన్ని నియమించింది. మొబైల్ ఫోన్లతోపాటు వ్యవసాయ యంత్రాలను, వాహనాలను, గృహోపకరణాలను అది తన పరిధిలోకి తీసుకుంది. సాఫ్ట్‌వేర్ లైసెన్సు, అమ్మిన వస్తువు పారదర్శకతకు అడ్డు కారాదన్న మాట దాని తొలి సమావేశంలోనే చర్చకు వచ్చింది. ఆ తరువాత ఏర్పాటైన జాలస్థలిలో సంస్థల సేవాకేంద్రాల వివరాలు, వారంటీ నిబంధనలు, మరమ్మతు సూచనలు దొరుకుతాయి. లైసెన్సు గురించి తొలి సమావేశంలో అన్న మాటకు ఆ జాలస్థలి జవాబు కాదు.