గెడ్డ నీటి సాక్ష్యంలో రాలిపోయిన ముక్క

అడవి నరికితే కొండవాగు చెడిపోతుందనడానికి తరచు చూపించే సాక్ష్యాల్లో ఒకటి అమెరికాలోని న్యూహాంప్‌షైర్ కొండలది. ఆ చోటు పేరు హబ్బర్డ్ బ్రూక్.

అక్కడి కొలిచే పద్ధతిని మెచ్చుకోవాల్సిందే. వాగుకు అడ్డంగా చిన్న కట్ట కట్టి, అందులో ‘వి’ ఆకారంలో గండి పెట్టారు. గండిలో నీటి ఎత్తు చూస్తే ఎంత నీరు దిగిందో లెక్క తేలుతుంది. 1963 నుంచి వారం వారం వాగు నీరు సీసాల్లో పట్టి పరీక్షిస్తున్నారు. వాన నీటినీ అలాగే. పైనుంచి వచ్చిందెంత, కిందికి పోయిందెంత అన్నదే ప్రశ్న. ఒక్కరోజు వచ్చి సీసా నింపుకుపోయే పరీక్ష కాదది.

1965 చివర్లో ఒక వాగు మీది 15.6 హెక్టార్ల అడవినంతా నరికారు. మానులను పడినచోటే వదిలేశారు. పోల్చి చూడడానికి దగ్గర్లోని మరో వాగు అడవిని ముట్టుకోలేదు. నరికిన వాగులో నైట్రేటు తాగునీటి పరిమితిని దాటిపోయింది. వేర్లు పీల్చుకోవాల్సిన నేల సత్తువ నీళ్లపాలైంది.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నా పేచీ ఇక్కడే. నరికాక మూడు వేసవులు అక్కడ మొలక లేవకుండా మందు కొట్టారు. అది ఆపి చిగురు లేవనిచ్చాక, కొన్నేళ్లలోనే నైట్రేటు దిగిపోయింది. ఆ వాగును చెడగొట్టింది గొడ్డలి ఒక్కటే కాదన్నమాట. శాస్త్రజ్ఞులు ఈ సంగతి దాచలేదు, రాసే పెట్టారు. చేతులు మారి మనదాకా వచ్చేసరికి ఆ ముక్క రాలిపోయింది.

పోడులో మోళ్లు మిగులుతాయి. బీడు వదిలితే వాటినుంచి చిగురు లేస్తుంది. కాబట్టి ఆ ప్రయోగం చూపించి పోడు మీద తీర్పు చెప్పడం చెల్లదు. అలాగని పోడు తప్పేమీ లేదని అది తేల్చిందనీ అనకూడదు. మనం నిప్పు పెడతాం, పంట ఇంటికి తెచ్చుకుంటాం. అక్కడ ఆ రెండూ లేవు. పైగా బీడు వదిలే ఏళ్లు మన దగ్గరా తగ్గిపోయాయి, అది మనకూ తెలుసు.

మాష్టార్లూ, ఈ పాఠం చెప్పేటప్పుడు మందు సంగతి కూడా చెప్పండి. ఎవరైనా కొండకొచ్చి పోడు వల్లే గెడ్డ పాడైందంటే పిల్లల చేత ఒక్క ప్రశ్న అడిగించండి: పోడు కింది గెడ్డ, అడవి కింది గెడ్డ, రెండింటి నీళ్లూ వరసగా ఎన్ని వారాలు పట్టి చూశారు?