అక్షరములు కనబడినంత మాత్రమున కన్ను బాగున్నట్లా?

నెల్లూరు జిల్లా తీరమునందలి అల్లూరు ప్రాంతమున పెరిగిన పిల్లవానికి దూరమనగా ఏమో పుస్తకము చెప్పనక్కరలేదు. ఒక ప్రక్క వరిచేలు, ఇంకొక ప్రక్క ఇసకపల్లి ఉప్పుమళ్ళు, వాని కావల సముద్రము. చూపు ఆకాశపు అంచును తాకువరకు అడ్డమేదియు లేదు. అట్టి చోట పదవ తరగతి చదువుచున్న ఒక బాలుని ఊహించుకొందము. ఏడవ తరగతిలో వానికి మైనస్ 1.50 కళ్ళజోడు వచ్చినది. మరుసటి ఏడు అది 2.75, తరువాత 4.25, ఇప్పుడు 6. ఏటేట పాత అద్దములు తీసి కొత్తవి బిగించుచు వచ్చిరి. బడిలో కంటి పరీక్ష జరిగిన నాడు వాడు జోడు పెట్టుకొని అట్టమీది చివరి వరుసను తడుముకొనకుండ చదివెను. పరీక్షించినవారు “బాగున్నది” అని వ్రాసికొనిరి.

ఆ బాలుని చూపు బాగున్నమాట నిజమే. కాని వాని కన్ను బాగున్నదా? ఈ రెండు ప్రశ్నలు ఒకటేయని తలచుట మన పాఠశాలల కంటి పరీక్షలలోని పెద్ద లోపము.

అట్ట చెప్పునది, చెప్పనిది

అక్షరముల అట్టను 1862లో హాలెండులోని ఊట్రెక్ట్ నగరమున హెర్మన్ స్నెల్లెన్ అను నేత్రవైద్యుడు సిద్ధపరచెను. 6/18 చూపు అనగా, సహజదృష్టి గలవాడు 18 మీటర్ల నుండి చదువగల అక్షరమును ఈతడు 6 మీటర్ల దూరమునకు వచ్చిన గాని చదువలేడని అర్థము. అట్ట ఖరీదు స్వల్పము. ఉపాధ్యాయుడే కొద్ది శిక్షణతో పరీక్ష చేయగలడు. అందుచేతనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019 అక్టోబరు 10న అనంతపురమున ప్రారంభించిన కంటి వెలుగు పథకము మొదటి దశలోనే సుమారు 70 లక్షల మంది విద్యార్థులను పరీక్షింప తలపెట్టగలిగినది. ఇట్టి ప్రయత్నములను చులకన చేయరాదు. నల్లబల్ల కనబడకపోవుటచే మందబుద్ధి అనిపించుకొన్న పిల్లవాడు కళ్ళజోడుతో తరగతిలో ముందు నిలిచిన సంగతి ప్రతి ఉపాధ్యాయునికి అనుభవమే.

ఐనను జల్లెడలో నిలుచునది దాని కన్నముల పరిమాణమును బట్టి యుండును. ఈ జల్లెడ అక్షరములు కనబడని పిల్లలను పట్టుకొనును. జోడుతో చక్కగా చదువు పిల్లవాడు దానినుండి జారిపోవును. మన అల్లూరు బాలుడు అట్లు జారిపోయినవాడే. మూడేండ్లలో నాలుగున్నర డయాప్టర్లు పెరిగిన కన్ను ఆ లెక్కలలో విజయముగా నమోదైనది!

చూపు తగ్గిన పిల్లలందరి కష్టము అద్దములతో తీరునదియు కాదు. మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలలో 7 నుండి 15 ఏండ్ల వయస్సు గల 4,074 మంది పిల్లలను హైదరాబాదు ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ వారు పరీక్షించి 2002లో ఫలితములను ప్రకటించిరి. హ్రస్వదృష్టి నూటికి నలుగురిలో కనబడినది. చూపు తగ్గిన కన్నులలో నూటికి 61 మాత్రమే వక్రీభవన దోషమువలన తగ్గినవి. మిగిలిన వానికి కారణములు వేరు. కొన్నిటికి కారణమే తేలలేదు. ఆ సంగతి బయటపడుటకు హేతువు, వారు అట్టతో ఆగక కంటి లోపల కూడ చూచుటయే.

సాగుచున్న గ్రుడ్డు

హ్రస్వదృష్టిలో జరుగునదేమి? అప్పుడే పుట్టిన శిశువు కంటిగ్రుడ్డు ముందునుండి వెనుకకు సుమారు 17 మిల్లీమీటర్లుండును. పెద్దవారిలో అది 24 మిల్లీమీటర్లకు చేరును. ఈ పెరుగుదల కొందరిలో ఆగవలసిన చోట ఆగదు. అప్పుడు దూరపు వస్తువుల బింబము నేత్రపటలము మీద పడక, దానికి ముందే ఏర్పడును. గ్రుడ్డు 1 మిల్లీమీటరు అదనముగా సాగిన, ఇంచుమించు రెండున్నర డయాప్టర్ల పుటాకార కటకము అవసరమగును. మైనస్ 6 చేరిన బాలుడు జోడు తీసినచో 17 సెంటీమీటర్లకు మించిన దూరమున ఏదియు స్పష్టముగా కానలేడు. అది జానెడైనను కాదు.

కటకము బింబమును వెనుకకు జరుపును గాని సాగిన గ్రుడ్డును కుదింపదు. గోడలు సాగినకొలది లోపలి నేత్రపటలము కూడ, ముఖ్యముగా అంచులయందు, పలుచబడును. పెద్దయిన తరువాత లేసరుతో జోడు వదిలించుకొన్నవారికిని ఈ మాట వర్తించును. ఆ చికిత్స కంటి ముందుభాగపు వంపును మాత్రమే మార్చును. వెనుకనున్న పలుచని పొర పలుచనగనే యుండును.

“అద్దాలు అలవాటైతే సైటు పెరుగుతుంది” అను నమ్మిక మన పల్లెలలో బలముగా నున్నది. అందుచే కొందరు తక్కువ నంబరు అద్దములు వేయింతురు. మలేసియాలో 94 మంది పిల్లలపై రెండేండ్లు జరిపిన ప్రయోగమున (2002) దీనికి విరుద్ధమైన ఫలితము వచ్చినది. సరియైన అద్దములు పెట్టుకొన్నవారికి 0.77 డయాప్టరు పెరుగగా, తక్కువ నంబరు వారికి 1.00 పెరిగినది.

అంచున కనబడిన మచ్చ

కంటి లోపలి భాగమును చూచు పరికరమును జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ 1851లో లోకమునకు తెలిపెను. నేత్రపటలపు అంచులను చక్కగా చూడవలెనన్న మందుచుక్కలు వేసి కంటిపాపను వెడల్పు చేయవలెను. కొన్ని గంటలసేపు దగ్గరి అక్షరములు మసకగా నుండును, వెలుతురు మిరుమిట్లు గొల్పును. అంతకు మించిన బాధ లేదు.

మన బాలుని నెల్లూరు తీసికొనిపోయి అట్లు చూపించిరనుకొందము. వైద్యుడు అంచున జాలీవలె పలుచబడిన ఒక చారను కనుగొనును. చీటిపై “లాటిస్ ఉన్నది, ఆరు నెలలకు మరల రావలెను” అని వ్రాసి ఇచ్చును. “మావాడికి చూపు పోతాదా డాక్టరు గారూ?” అని తల్లి అడుగును. వెనుక వరుసలో ఇంకను నలుబదిమంది కూర్చుండియున్నారు. ఆమెకు సమాధానము సగమే దొరకును. మిగిలిన సగమును భయము పూరించును.

ఇది మన విధానమునందలి రెండవ లోపము. మొదట చూడవలసిన దానిని చూడము. చూచిన పిమ్మట విప్పి చెప్పము. ఆ తల్లికి చెప్పవలసినది ఇది: లాటిస్ అరుదైన వింత కాదు, నూటికి ఆరుగురు మొదలు ఎనమండుగురి వరకు ఉండును. వారిలో అత్యధికులకు జీవితాంతము అది ఏ కీడును చేయదు. ఐనను నేత్రపటలము ఊడిన సందర్భములలో నూటికి ఇరువది, ముప్పది వరకు ఇట్టి కన్నులే. కావున భయపడవలదు, మరువవలదు.

చిరుగుల గుండా ద్రవము చొరబడుటచే పొర ఊడునని నిరూపించి, ఆ చిరుగును మూసి స్విట్జర్లండు వైద్యుడు జూల్ గోనాఁ 1920ల దశాబ్దములో చూపును నిలుపగలిగెను. అంతకు ముందు అట్టి కన్నునకు చికిత్స లేదనియే తలచెడివారు. నేడు ప్రమాదకరమైన చిరుగు చుట్టును లేసరుతో కాల్చి అంటింపవచ్చును. కాని వ్యవధి చాల తక్కువ. హఠాత్తుగా మెరుపులు కనబడినను, నల్లని నలుసులు గుంపుగా తేలినను, ఒక ప్రక్కనుండి తెర దిగినట్లున్నను ఆనాడే వైద్యునికి చూపవలెను. నొప్పి యుండదు, అందుచేతనే ఆలస్యమగుచున్నది.

చేయదగినది

దీనికై ప్రతి ఊర గొప్ప ఆసుపత్రి కట్టనక్కరలేదు. పిల్లవాని పాత నంబరును తేదీతో సహా ఒక కార్డుపై వ్రాసి బడిలో ఉంచినచో చాలును. ఏటికి ఒక డయాప్టరు చొప్పున పెరుగుచున్నవాడు వెంటనే కంటబడును. అట్టివారిని, మైనస్ 6 సమీపించిన వారిని, అక్షరములు ఎంత చక్కగా చదివినను సరే, కంటిపాప వెడల్పు చేసి చూచు చోటికి పంపవలెను. నంబరు వేగముగా మారుటకు నల్లగ్రుడ్డు మొనదేలుట వంటి వేరు కారణములును ఉండవచ్చును; అవియు అచ్చటనే తేలును. గ్రుడ్డు సాగుటను నెమ్మదింపజేయుటకు స్వల్ప మోతాదు అట్రోపిన్ చుక్కలు, ప్రత్యేక కటకములు నేడున్నవి. వానిని వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెను. పథకమును పంచిన కళ్ళజోళ్ళ సంఖ్యతో గాక, ఇట్లు వేళకు పంపబడిన పిల్లల సంఖ్యతో కూడ కొలువవలెను.

ఇక చిన్నపిల్లల మాట. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమున కొన్ని పాఠశాలలలో మొదటి తరగతి పిల్లలను దినమునకు 40 నిమిషములు అదనముగా ఆరుబయట ఉంచిరి. మూడేండ్లలో వారిలో నూటికి 30.4 మందికి హ్రస్వదృష్టి వచ్చెను. మిగిలిన పాఠశాలలలో 39.5 మందికి వచ్చెను (2015లో ప్రకటితము). ఇది రాకుండ ఆపుటకు ఎక్కువగను, వచ్చినదానిని ఆపుటకు తక్కువగను పనిచేయును. పదవ తరగతి పేరుతో ఆటల గంటను మ్రింగివేయు పాఠశాలలు ఈ అంకెలను గోడపై వ్రాసికొనదగును.

అల్లూరు పిల్లలకు ఆరుబయలు కొనితేనక్కరలేదు. ఆ చేలను, ఆ ఉప్పుమళ్ళను వారు ఏబదవ ఏటను చూడవలెనన్న, పదునైదవ ఏట ఒక్కమారైనను వారి కంటి లోపల ఎవరైన చూడవలెను.