బైబిల్ దోషరాహిత్య వాదం: ఒక పరిశీలన

బైబిల్‌ను రాసినవారు మనుష్యులే, అయినా అందులో దోషం లేదన్నది క్రైస్తవులలో పెక్కుమంది విశ్వాసం. మనుష్యులు రాశారు గనుక దోషాలు ఉండి తీరుతాయన్నది ముస్లింలలో తరచు వినవచ్చే జవాబు. ఈ రెండు మాటలూ ఎదురెదురుగా నిలిచి చాలాకాలమైంది. మొదటి మాటలోని అసలు వాదమేమిటో, రెండవ మాటకు ఉన్న బలమెంతో నిదానంగా పరిశీలించినవారు మాత్రం తక్కువ.

దక్షిణ రాయలసీమలో ఈ ప్రశ్నకు ఒక చరిత్ర ఉంది. అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చికి చెందిన ఆర్కాటు మిషన్ తరఫున జేకబ్ చేంబర్లేన్ అనే వైద్య మిషనరీ 1863లో మదనపల్లెలో కేంద్రం నెలకొల్పాడు. అప్పుడు కడప జిల్లాలో ఉన్న ఆ ఊరు 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. తెలుగు బైబిల్ సవరణ సంఘానికి చేంబర్లేన్ 1873 నుండి 1894 వరకు అధ్యక్షుడుగా ఉన్నాడు. సెరాంపూర్ మిషనరీల తెలుగు కొత్త నిబంధన 1818లోనే వెలువడింది. ఆ తరువాత ఇతరుల అనువాదాలూ వచ్చాయి. అయినా మళ్లీ సవరణ అవసరమైంది.

“దైవవాక్యమైతే సవరణ దేనికి?” అని మన ప్రచారకులు కొందరు ఇక్కడే పట్టుకుంటారు. ఈ ఆక్షేపణ నిలవదు. చేంబర్లేన్ సంఘం సవరించినది తెలుగు మాటలను. దివ్య ఖుర్ఆన్‌కు చిలుకూరి నారాయణరావు చేసిన తెలుగు అనువాదం ఉంది, తరువాతివారు చేసినవీ ఉన్నాయి. వాటి మాటలు ఒకదానితో ఒకటి కలియవు. అంతమాత్రాన ఖుర్ఆన్ మారిందని ఏ ముస్లిమూ అనడు. అనువాదం మూలం కాదన్న సూత్రం మనకు వర్తించినప్పుడు ఎదుటివారికీ వర్తించాలి.

ఇక క్రైస్తవుల వాదాన్ని వారి పత్రాలలోనే చూడవలసి ఉంది. ప్రొటెస్టెంట్ పండితులు కొందరు 1978లో చికాగోలో ఒక ప్రకటన వెలువరించారు. దాని ప్రకారం దోషరాహిత్యం ఖచ్చితంగా వర్తించేది రచయితల మూలప్రతులకే. నకళ్లు, అనువాదాలు మూలానికి ఎంతవరకు విధేయంగా ఉంటే అంతవరకే దైవవాక్యం. 1965లో రోమన్ కాథలిక్కుల రెండవ వాటికన్ మహాసభ వేరొక విధంగా చెప్పింది. మానవుల రక్షణ కోసం దేవుడు రాయించదలచిన సత్యాన్ని గ్రంథం దోషం లేకుండా బోధిస్తుందని దాని సారాంశం. ఇద్దరూ రచయితల మానవత్వాన్ని కాదనడం లేదు. దేవుడు ఆ మనుష్యుల భాషను, స్వభావాన్ని వాడుకున్నాడని వారి భావం. కాబట్టి “మనుష్యులు రాశారు” అన్న ఒక్క మాటతో వారి వాదం వీగిపోదు.

అసలు చిక్కు వేరొకచోట ఉంది. ఆ మూలప్రతులు ఒక్కటీ నేడు లేవు. కొత్త నిబంధన మొత్తానికో అధిక భాగానికో లభించే ప్రాచీన గ్రీకు ప్రతులు వాటికన్, సినాయి ప్రతులు. అవి నాలుగవ శతాబ్దానివి. ఆ రెండింటిలోనూ మార్కు సువార్త పదహారవ అధ్యాయం ఎనిమిదవ వాక్యంతో ముగుస్తుంది, తరువాతి పన్నెండు వాక్యాలు లేవు. యోహాను మొదటి పత్రిక అయిదవ అధ్యాయంలో పరలోకమందు ముగ్గురు సాక్షులున్నారని త్రిత్వాన్ని సూచించే వాక్యం 1611 నాటి ఆంగ్ల బైబిల్‌లో ఉంది. ప్రాచీన గ్రీకు ప్రతులలో అది లేదు. బహుళ ప్రచారంలో ఉన్న తెలుగు బైబిల్‌లోనూ లేదు. తమ సిద్ధాంతానికి ఆసరాగా ఉన్న వాక్యాన్ని క్రైస్తవ పండితులే పరిశోధించి తొలగించారన్నది గుర్తించవలసిన నిజాయితీ.

పాఠభేదాలలో అధికభాగం అల్పమైనవనీ, మూల విశ్వాసం వాటివల్ల చెడలేదనీ వారు సమాధానం చెబుతారు. ఈ సమాధానంలో బలం లేకపోలేదు. అయితే అది గ్రంథం చాలావరకు నమ్మదగినదని చూపుతుందేగాని, దోషం లేనిదని నిరూపించదు. ఈ రెండింటికీ ఎంతో దూరం ఉంది. చేతిలో లేని ప్రతికి చెప్పే దోషరాహిత్యం విశ్వాసాంశం మాత్రమే. దానిని నిరూపణగా చూపడం తగదు.

గ్రంథకర్తల మాటలు చూసినా ఇదే తోస్తుంది. లూకా తన సువార్త మొదట, విషయాలను తరచి విచారించి వరుసగా రాస్తున్నానని చెప్పుకున్నాడు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఏడవ అధ్యాయంలో ఒక మాట ప్రభువుదనీ, మరొకటి తనదనీ వేరుచేశాడు. ముస్లిం పాఠకునికి ఈ ధోరణి ఖుర్ఆన్‌ను కాక హదీసు, సీరా గ్రంథాలను తలపిస్తుంది. ఇమామ్ బుఖారీ సంకలనాన్ని సహీహ్ అంటాము. ఆయనను మాసూమ్ అనము. ప్రతి ఉల్లేఖనానికీ ఇస్నాద్ అడుగుతాము. సువార్తలకు అటువంటి ఇస్నాద్ లేదు. న్యాయంగా అడగవలసిన ప్రశ్న ఇది.

1854 ఏప్రిల్‌లో ఆగ్రాలో ఫాండర్‌తో వాదించిన మౌలానా రహమతుల్లా కైరానవీ ఈ ప్రశ్ననే పట్టుకున్నారు. 1864లో వెలువడిన ఆయన ‘ఇజ్‌హారుల్ హఖ్’కు బలం క్రైస్తవ పండితుల గ్రంథాలనే సాక్ష్యంగా నిలిపిన పద్ధతిలో ఉంది. ఆయనను అనుకరించే కొందరు ఆ శ్రమను విడిచి ఆక్షేపణల పట్టికను మాత్రం మిగుల్చుకున్నారు. అదే కాలంలో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ ‘తబ్‌యీనుల్ కలామ్’లో, తహ్రీఫ్ ముఖ్యంగా అర్థంలో జరిగిందని వాదించారు. అంటే ఈ విషయంలో ముస్లిం పండితులది ఒకే మాట కాదు.

మన మూలప్రతులు ఏవని క్రైస్తవుడు ఎదురు ప్రశ్న వేయవచ్చు. ఖుర్ఆన్ తరతరాలుగా సామూహికంగా కంఠస్థమై వచ్చిన ముతవాతిర్ అనీ, ఖిరాఅత్ భేదాలు పారాయణకర్తల పేర్లతో సహా నమోదయ్యాయనీ సమాధానం చెప్పాలి. ఆ సమాధానం గ్రంథ సంరక్షణకు సంబంధించినది. అది అల్లాహ్ వాక్కు అన్నది మన ఈమాన్. ఎదుటివారిని పాటించమన్న భేదాన్ని మనమూ పాటించాలి.

స్వహస్తాలతో రాసి దైవం నుండి వచ్చిందన్నవారిని ఖుర్ఆన్ గర్హించింది (2:79). పూర్వ గ్రంథాలను ధ్రువీకరిస్తూ వాటిపై పరిరక్షకంగా తాను అవతరించానన్నది కూడా ఆ ఖుర్ఆనే (5:48). గ్రంథప్రజల మాటలను నిజమనీ అనవద్దు, అబద్ధమనీ అనవద్దని దైవప్రవక్త (స) బోధించినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. దోషరహితం కాని గ్రంథమంతా అసత్యమన్న తీర్పు ఈ బోధలలో లేదు. ఈసా (అలైహిస్సలాం) బోధ ఆ పుటలలో ఎంతో కొంత నిలిచి ఉండవచ్చు. దానిని గౌరవంతో వెదకాలి.

గ్రంథప్రజలతో ఉత్తమ రీతిలోనే వాదించమన్నది దైవాజ్ఞ (29:46). చిత్తూరులోనో తిరుపతిలోనో పొరుగున ఉన్న క్రైస్తవునితో మాట్లాడేవారు అతని గ్రంథంలో తప్పులు లెక్కపెట్టడానికి ముందు, అతను చెప్పేదేమిటో అతని మాటలలోనే వినాలి. మూలప్రతి గురించీ, ఇస్నాద్ గురించీ అడగవలసింది ఆ తరువాతనే.