ముఖం మీద నాలుగు సెకన్లు

ఎడిటింగ్ నేర్చుకుందామని ఫోన్ తీసినవాళ్ల వేలు ముందు ఫిల్టర్ల మీదికే పోతుంది. నేనూ అక్కడే మొదలుపెట్టాను. ఒకటి నొక్కితే ఊరంతా బంగారం, ఇంకోటి నొక్కితే నీలం. నెల తిరిగేసరికి నా ఫోటోలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు తయారయ్యాయి. అసలు పని ఎలా ఉంటుందో మా ఊరి పాత స్టూడియో పెద్దాయన దగ్గర చూశాను.

డార్క్‌రూమ్‌లో ఎర్రబల్బు వెలుతురు, నెగిటివ్‌ని పెద్దది చేసి చూపే ఎన్‌లార్జర్ కింద తెల్లకాగితం. నెగిటివ్‌లోంచి వెలుగు ఎంతసేపు పడితే కాగితం అంత నల్లబడుతుంది. ఫోటోకి పది సెకన్లు కావాలనుకుందాం. అందులో నాలుగు సెకన్లు ముఖానికి అడ్డం పెడితే, అంతమేరా ముఖం తేటపడుతుంది. అడ్డం పెట్టడానికి ఆయన వాడింది సన్నటి తీగ చివర అతికించిన గుండ్రటి అట్టముక్క. ఆ అట్టని ఆయన క్షణం కూడా నిలపలేదు, చిన్నగా ఊపుతూనే ఉన్నారు. నిలిపితే ముఖం చుట్టూ గీత పడిపోతుందట. ఇది డాడ్జింగ్. తర్వాత రెండు అరచేతులూ కలిపి, మధ్యలో చిన్న సందు వదిలి, ఆ సందులోంచి ఆకాశానికి మాత్రం ఇంకో ఆరు సెకన్లు వెలుగు పోశారు. అది బర్నింగ్. కాగితాన్ని డెవలపర్ ట్రేలో వేశాక మనిషి మెల్లగా పైకి తేలాడు. ముఖం విప్పారింది, మబ్బులు బరువెక్కాయి.

1990లో వచ్చిన ఫోటోషాప్‌లోకి ఈ రెండు పేర్లూ చేరాయి. డాడ్జ్ గుర్తుగా పుల్లకి తగిలించిన గుండ్రటి అట్ట, బర్న్ గుర్తుగా ముడిచిన చెయ్యి ఇప్పటికీ అందులో ఉన్నాయి. ఈ దిద్దుబాటు ఎంత దూరం పోతుందో ఒక ఫోటో చూపిస్తుంది. అమెరికా ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రోదయాన్ని తీశారు. అదే నెగిటివ్‌ని దశాబ్దాల పాటు మళ్లీమళ్లీ ప్రింట్ చేశారు. మొదట్లో లేత మబ్బులతో కనిపించిన ఆకాశం తర్వాతి ప్రింట్లలో దాదాపు కాటుక నలుపైంది. ఫోటో తీయడం ఒక్కసారే, దాన్ని దిద్దుకోవడం మాత్రం ఆయనకు జీవితకాలపు పని.

ఫోన్‌లో ఈ పని నాకు పట్టుబడింది మా నాయనమ్మ ఫోటోతో. కట్టెలపొయ్యి ముందు ఆవిడ, వెనక తెరిచిన తలుపులోంచి ఎండ, ముఖమేమో చీకటి. మొత్తం బ్రైట్‌నెస్ పెంచాను. ముఖం కనిపించింది గానీ తలుపు తెల్లగా పేలిపోయింది, పొగ కనబడకుండా పోయింది. వెనక్కి తెచ్చి, స్నాప్‌సీడ్ యాప్‌లో బ్రష్ తీసుకుని, డాడ్జ్‌ని తక్కువ మోతాదులో పెట్టి చెంప మీద, నుదుటి మీద నాలుగైదుసార్లు రాశాను. అయినా చూపు పక్కనున్న స్టీలు చెంబు మెరుపు మీదికే పోతోంది. ఆ మెరుపుని బర్న్‌తో అణిచాను. అప్పుడు నాయనమ్మ కళ్లు కనిపించాయి. ముడతల జోలికి పోలేదు.

ఎంత చీకటినైనా ఇలా లేపగలమనుకోకూడదు. మామూలు జేపెగ్ ఫోటోలో ఒక్కో రంగుకి 256 మెట్లే ఉంటాయి. కెమెరా సెన్సర్ పట్టినదాన్ని ఉన్నదున్నట్టు దాచే 14 బిట్ల రా (RAW) ఫైల్‌లో 16,384. అందుకే జేపెగ్‌లో నీడని మరీ గుంజితే మచ్చలు, చారలు పడతాయి. కెమెరాలో రా తీసే వీలుంటే తీయండి. క్రాప్, వంకర సరిచేయడం, రంగు సరిచూడడం వారం రోజుల్లో వచ్చేస్తాయి. వెలుగుని ఎక్కడ పెంచాలో, ఎక్కడ తగ్గించాలో తెలియడానికే నెలలు పడతాయి.

ఒక్క విషయంలో మాత్రం నాకు కోపం. అమ్మానాన్నల షష్టిపూర్తి ఆల్బమ్‌లో స్టూడియోవాళ్లు అడక్కుండానే అమ్మ ముఖాన్ని సున్నం కొట్టినట్టు తెల్లగా చేసేశారు. గాజుల చేతులు మాత్రం చామనఛాయలోనే ఉండిపోయాయి. ఆ ఫోటోలో ఉన్నది మా అమ్మ కాదు. డాడ్జింగ్ మనిషి రంగు మార్చడానికి పుట్టలేదు, నీడలో పడిన ముఖాన్ని వెలుగులోకి తేవడానికి పుట్టింది. చర్మం తెల్లబరచడం ఎడిటింగ్ కాదు, అవమానం.

మీ ఊళ్లోనూ డార్క్‌రూమ్‌లో చేతులు తడుపుకున్న పెద్దాయన ఎవరో ఒకరు ఉండే ఉంటారు. ఎన్‌లార్జర్ అటక ఎక్కినా ఆ చేతులకి సెకన్ల లెక్క ఇంకా గుర్తుంటుంది. మీ ఫోటో ఒకటి ప్రింట్ తీయించి పట్టుకెళ్లండి. ఎక్కడ అడ్డం పెట్టేవారో, ఎక్కడ వెలుగు పోసేవారో పెన్సిల్‌తో గీసి చూపించమని అడగండి.