సెర్జియో బొనెల్లి: జనాదరణ, జనపక్షం

జనం విరివిగా చదివేదాన్ని కాలక్షేప సాహిత్యమని ఒక్కమాటతో కొట్టిపారెయ్యడం మన విమర్శలో పాత అలవాటు. అటువంటి సాహిత్యం పాఠకుణ్ణి వాస్తవానికి దూరం చేస్తుందన్న మాటలో నిజం లేకపోలేదు. అయితే దాన్ని ఎవరు, ఏ నిర్బంధాల మధ్య సృష్టిస్తున్నారో పరిశీలించకుండా తీర్పు చెప్పడం విమర్శ కానేరదు. ఇటలీ బొమ్మల కథల రచయిత, ప్రచురణకర్త సెర్జియో బొనెల్లి (1932-2011) కృషిని ఈ దృష్టితో చూడాలని నా ఉద్దేశం.

మిలాన్‌లో పుట్టిన బొనెల్లికి ఈ వృత్తి ఇంట్లోనే దొరికింది. తండ్రి జాన్ లుయీజి 1948లో చిత్రకారుడు గల్లెప్పీనితో కలిసి 'టెక్స్' అనే అమెరికన్ పడమటి సీమ వీరుణ్ణి సృష్టించాడు. తల్లి తేయా నడిపిన ప్రచురణ సంస్థను 1957లో కొడుకు చేపట్టాడు. రచయితగా మాత్రం 'గ్విదో నొలిట్ట' అనే కలంపేరు పెట్టుకున్నాడు. నలుపు తెలుపు బొమ్మలతో, సుమారు వంద పేజీలతో, నెలనెలా పత్రికల బడ్డీలో దొరికే పుస్తకం ఆ సంస్థ ప్రధాన సరుకు. అది నెలనెలా అమ్ముడుపోవాలంటే నాయకుడు చావకూడదు. పెద్దగా మారనూ కూడదు. వస్తువు మీద మార్కెట్టు పెట్టే షరతు ఇది.

ఈ షరతుకు లోబడే బొనెల్లి దానితో పెనుగులాడాడు. 1961లో చిత్రకారుడు ఫెర్రితో కలిసి ప్రారంభించిన 'జాగోర్' చూడండి. తల్లిదండ్రులను చంపిన ఆదివాసులపై పగ తీర్చుకున్న నాయకుడికి, సైనికాధికారిగా తన తండ్రే అంతకుముందు ఆదివాసులను ఊచకోత కోశాడని తెలుస్తుంది. పగను ధర్మంగా నమ్మిన పాఠకుడి కాళ్ళకింద నేల కదులుతుంది. 1975లో వచ్చిన 'మిస్టర్ నో' నాయకుడు యుద్ధంతో విసిగి అమెజాన్ అడవుల్లోని మనావుస్ చేరిన విమాన చోదకుడు. తాగుతాడు, దెబ్బలు తింటాడు, ఆజ్ఞలకు తలవంచడు.

అయినా నొలిట్ట రచనకు పరిమితి ఉంది. జాగోర్‌లో అపరాధం వ్యక్తి అంతరాత్మ దగ్గరే ఆగిపోతుంది. భూమిని ఆక్రమించిన వ్యవస్థ దాకా సాగదు. ఆదివాసులకు తెల్ల రక్షకుడే దిక్కు. ప్రజలు చరిత్ర నిర్మాతలుగా కాక, కాపాడవలసిన వారుగానే మిగిలిపోతారు.

ఆ పరిమితిని దాటిన రచన కూడా బొనెల్లి సంస్థ నుంచే వచ్చింది. బెరార్ది రచన, మిలాజ్జో చిత్రాలతో 1977లో ప్రారంభమైన 'కెన్ పార్కర్' అది. 1984 నాటి 'సమ్మె' కథలో నాయకుడు బోస్టన్ కార్మికుల పోరాటంలోకి దిగి, పోలీసును చంపి, చట్టం వేటాడే మనిషి అవుతాడు. తాను రచయితగా వెయ్యని అడుగును మరొకరు వేస్తే, దాన్ని అచ్చువేసి సామాన్య పాఠకుడి చేతికి అందించాడు బొనెల్లి. రచయిత నొలిట్ట కన్నా ప్రచురణకర్త బొనెల్లి ఒక అడుగు ముందున్నాడని నా నిర్ణయం.

జనాదరణ ఉన్నంతమాత్రాన రచన జనపక్షం కాదు. జనాదరణ ఉన్నందువల్ల జనవ్యతిరేకమూ కాదు. బడ్డీలో అమ్మే పుస్తకాన్నయినా, గ్రంథాలయంలో దాచే పుస్తకాన్నయినా మనం అడగవలసిన ప్రశ్న ఒకటే: ఇందులో ప్రజలు కాపాడబడుతున్నారా, పోరాడుతున్నారా?