నోరున్నోడిదే ప్రతిభా?

ఒక్క ఇంటర్వ్యూతో మనిషిని తేల్చలేమని చాలా కంపెనీలు అసెస్‌మెంట్ సెంటర్లు పెడుతున్నాయి. అభ్యర్థుల్ని రోజంతా కూర్చోబెట్టి గ్రూప్ డిస్కషన్, రోల్ ప్లే, ప్రెజెంటేషన్ చేయిస్తారు. పక్కనున్న పరిశీలకులు నాయకత్వం, చొరవ, మాటతీరు అంటూ ఒక్కో గుణానికి మార్కులేస్తారు. ఒకరి ఇష్టాయిష్టాల కంటే నలుగురి అంచనా మేలే. కాదనం.

దీని పుట్టుక కూడా గమనించాలి. పెద్దింటి బడుల్లో చదివినోళ్ళనే ఆఫీసర్లుగా తీసుకుంటున్నారన్న విమర్శ బ్రిటిష్ సైన్యం మీద ఉండేది. 1942లో అది కొత్త ఎంపిక బోర్డులు పెట్టడానికి ఆ విమర్శా ఒక కారణమే. పుట్టుక ఆధిక్యాన్ని తగ్గించడానికి వచ్చిన పద్ధతి మన దగ్గర ఎవరి చేతిలో పడింది?

ఫలక్‌నుమా, ఉప్పుగూడ, జంగమ్మెట్ బస్తీల నుంచి రైలెక్కి హైటెక్ సిటీకి పోయే పిల్లల్ని చూడండి. తెలుగు, ఉర్దూ మీడియం బడుల నుంచి వచ్చినోళ్ళెందరో. వాళ్ళకు నోరు లేక కాదు. నీళ్ళ ట్యాంకరు దగ్గర తగవు తీర్చడం, దక్కనీలో బేరం చేసి తెలుగులో లెక్క చెప్పడం నాయకత్వం కాదా? ఆ గదిలో మాత్రం ఇంగ్లీషులో ముందుగా అందుకున్నోడే నాయకుడు. పెద్దల మాట పూర్తయ్యేదాకా ఆగడం ఇంట్లో మర్యాద, ఇక్కడ చొరవ లేకపోవడం. ఇంటి నుంచి తెచ్చుకున్న సాంస్కృతిక పెట్టుబడికే ప్రతిభ అని పేరు పెట్టారు.

అసలు ఆ గది దాకా రానిస్తారా? సుఖదేవ్ థోరాట్, పాల్ అట్టెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో సమాన అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపారు. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే పిలుపొచ్చే అవకాశ నిష్పత్తి దళిత పేరుకు 0.67, ముస్లిం పేరుకు 0.33. అదే ఏడాది సురీందర్ జోధ్కా, కాథరీన్ న్యూమన్ ప్రచురించిన అధ్యయనంలో మేనేజర్లు ప్రతిభ ఒక్కటే చూస్తామన్నారు, కుటుంబ నేపథ్యమూ అడుగుతామన్నారు. ఈ రెండు మాటలూ ఒకే నోటి నుంచి ఎట్లా వస్తాయి?

రాజ్యాంగం 16(4) అధికరణ ప్రభుత్వ ఉద్యోగాలకే పరిమితం. కాబట్టి ప్రైవేటు రంగంలో కొలబద్దను నిలదీయడమూ రిజర్వేషన్ పోరాటంలో భాగమే. కొలిచే గుణమేదో ముందే రాసి చూపాలి. ఉద్యోగానికి అవసరమైనంత ఇంగ్లీషునే కొలవాలి. పరిశీలకుల్లో దళితులు, ముస్లింలు, ఆడవాళ్ళు ఉండాలి. తీసేసినోళ్ళకు మార్కులూ కారణమూ చెప్పాలి. ఎవరెంతమంది వచ్చారో, ఎవరెంతమంది మిగిలారో కులం, మతం వారీగా లెక్క బయటపెట్టాలి. కొలత నిజాయితీదే అయితే లెక్క చూపడానికి భయమెందుకు?